సీతాకోకచిలుక దారి డీఎన్‌ఏలో రాసి ఉండదు

సంపాదకులు గారికి,

వలస సీతాకోకచిలుకల మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) జన్యుక్రమం కనుక్కుంటే అవి ఎటు నుంచి ఎటు పోతాయో తేలిపోతుందన్నట్టు వార్తల్లో రాస్తున్నారు. అంత తేలిక కాదు. అందులో ఉండేవి 37 జన్యువులు, సుమారు 15 వేల డీఎన్‌ఏ అక్షరాలు. అది తల్లి నుంచే వస్తుంది కాబట్టి తల్లివైపు వంశం, జాతుల మధ్య చుట్టరికం బాగానే చెబుతుంది. ఈ సీతాకోకచిలుక పోయిన నెల ఎక్కడుందో మాత్రం చెప్పదు.

పైగా వలసజీవుల్లో దూరప్రాంతాలవి జతకట్టడంతో తేడాలు చెరిగిపోతాయి. అమెరికాలో రాకీ పర్వతాలకు తూర్పున పెరిగే మోనార్క్ సీతాకోకచిలుకలు చలికాలానికి ఎక్కువగా మెక్సికో కొండలకు, పడమటివి కాలిఫోర్నియా తీరానికి చేరతాయి. మొత్తం జన్యువులన్నీ పోల్చి చూసినా ఈ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇక మైటోకాండ్రియా ఒక్కటే చదివితే ఏం తెలుస్తుంది?

2013లో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా తీరంలో దొరికిన పెయింటెడ్ లేడీ సీతాకోకచిలుకలు పశ్చిమ ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి వచ్చాయని తేల్చడానికి జన్యువులతో పాటు ఒంటికి అంటిన పుప్పొడి, రెక్కల్లోని ఐసోటోపులు (పెరిగిన చోటును పట్టించే మూలకాల రకాలు), గాలి వీచిన దిశ అన్నీ చూడాల్సి వచ్చింది.

మన దక్షిణాదిలోనూ బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో అనే సీతాకోకచిలుకలు నైరుతి వానలకు ముందు పడమటి కనుమల నుంచి తూర్పుకు వస్తాయి, అక్టోబరు, నవంబరుల్లో తిరిగి వెళ్తాయి. హైదరాబాద్‌లో జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది కాబట్టి జన్యుక్రమం చదవడం మనకు పెద్ద సమస్య కాదు. ఏ తేదీన, ఏ ఊళ్లో, ఎటువైపు ఎన్ని పోయాయో ఏళ్ల తరబడి రాసిపెట్టేవాళ్లే కావాలి. ఆ పనికి ఫొటోలూ పడవు, నిధులూ రావు!

జీవవైవిధ్య మండళ్లకు నా వినతి ఇది. డిగ్రీ కాలేజీల జంతుశాస్త్ర విభాగాలకు ఈ లెక్క అప్పగించండి. బతికున్నవాటిని చంపనక్కర్లేదు, వలస రోజుల్లో వాహనాలు తగిలి రోడ్డు మీద పడ్డవాటిని తేదీ, చోటు రాసి స్పిరిట్‌లో దాచితే చాలు. వాటి నుంచి చదివిన జన్యుక్రమాలన్నీ అందరికీ అందుబాటులో పెట్టాలి. అలాగే రోడ్ల పక్క గిలిగిచ్చ మొక్కల్ని కలుపని పీకించడం ఆపాలి. ఆడవాటిని ఆకర్షించే వాసనకు కావలసిన రసాయనాల్ని మగ సీతాకోకచిలుకలు ఈ మొక్కల వాడిన కొమ్మల నుంచి పీల్చుకుంటాయి.

– ఒక రిటైర్డ్ జంతుశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి