గుండెల మీద కూర్చున్నదెవరు?

కావలి

ప్రియమైన రమణకు,

నీ ఉత్తరం అందింది. చీమకుర్తిలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి పడుకున్న కాసేపటికే మెలకువ రావడం, తిరుగుతున్న ఫ్యాను కళ్లకు స్పష్టంగా కనబడుతున్నా కాలూ చేయీ కదలకపోవడం, ఎవరో గుండెల మీద కూర్చొని అదుముతున్నట్టు ఊపిరి బరువెక్కడం, ఇవన్నీ నువ్వు రాసిన తీరు చదివి నాకు దిగులు వేసింది. మతి తప్పుతోందేమోనన్న భయాన్ని ఇంట్లో చెప్పుకోలేక నాకు రాశావు. ఆ భయం అక్కర్లేదు. దీన్ని డాక్టర్లు స్లీప్ పెరాలిసిస్ అంటారు. అంత గట్టిగా ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను.

మెలకువ, కల, గాఢనిద్ర అనేవి ఒకదాని తలుపు మూసుకున్నాకే మరొకదాని తలుపు తెరుచుకునే గదులని మనం అనుకుంటాం. నిజానికి ఎరుక, ఒంటి మీద పట్టు, కలలు కట్టే శక్తి మెదడులో వేర్వేరు పనులు. మామూలుగా అవి కలిసే మారతాయి కానీ, ఒక్కోసారి ఒకటి ముందు, ఒకటి వెనక అవుతాయి. 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశను గురించి ప్రకటించారు; ఆ దశలో లేపిన వాళ్లలో చాలామంది కల వచ్చిందని చెబుతారు. తరువాత ఫ్రాన్సులో మిషెల్ జువే పిల్లుల మీద చేసిన ప్రయోగాలలో, ఆ సమయాన ఒంటి కండరాలు దాదాపు అన్నీ పట్టు వదిలేస్తాయనీ, అందుకు ఆజ్ఞ మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే మెదడు కాండం నుంచి వెలువడుతుందనీ తేలింది. కలలో పరుగెత్తే మనిషి మంచం మీది నుంచి దూకకుండా ఆపేది ఈ ఏర్పాటే. నీ విషయంలో ఎరుక ముందుగా మేలుకుంటోంది, ఆ ఆజ్ఞ మాత్రం ఇంకా సడలడం లేదు. ఆ దశలో ఊపిరి భారమంతా ఛాతీకీ పొట్టకీ మధ్యనుండే కండరం, ఉదరవితానం మీదే ఉంటుంది కనుక, గట్టిగా గాలి పీల్చుకోబోతే ఛాతీ సహకరించక బరువు పెట్టినట్టు తోస్తుంది. మిగిలిన కల ముక్క ఆ బరువుకు ఒక ఆకారాన్ని కల్పిస్తుంది. మన వైపు దయ్యం అంటారు, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె అంటారు. నువ్వు పడ్డ బాధ నిజం, మనిషి మాత్రం లేడు.

నిన్ను భయపెడుతున్న ఈ బిగింపే మనసు గురించి ఒక గొప్ప సంగతి తెలుసుకోవడానికి దారి చూపిందని నీకు చెప్పకుండా ఉండలేను. ఒళ్లంతా కట్టుబడి ఉన్నా కళ్లు మాత్రం కదులుతాయి కదా! కల కంటూనే అది కల అని గుర్తించగలిగే వాళ్లు కొందరుంటారు. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్, అలాంటి ఒకాయన ముందుగా అనుకున్న ప్రకారం నిద్రలోనే కళ్లను కుడి ఎడమలకు తిప్పి పంపిన సంకేతాన్ని యంత్రం మీద నమోదు చేశాడు. 2021లో అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల పరిశోధకులు మరో అడుగు వేశారు. నిద్రపోతున్న మనిషిని ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత అని అడిగితే, అతడు కలలోనే లెక్క కట్టి కళ్లను రెండుసార్లు తిప్పి జవాబిచ్చాడు. అన్ని ప్రశ్నలకూ జవాబులు రాలేదు, చాలాసార్లు మౌనమే ఎదురైంది. అయినా ఆ ఒక్క జవాబు చదివిన రోజు నాకు చాలాసేపు వేరే పని మీదకు మనసు పోలేదు.

12 మంత్రాల మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తులను, అంటే మెలకువ, కల, గాఢనిద్రలను, వరుసగా విచారించి, వాటికి ఆవల నాలుగోదాన్ని చెబుతుంది. ఇప్పటి ప్రయోగాలు దాన్ని రుజువు చేశాయని నేను అనను, అలా అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. కానీ మెలకువ ఒక్కటే ప్రమాణం కాదని, మూడు స్థితులనూ సమానంగా నిలబెట్టి ప్రశ్నించిన ఆ పద్ధతి మీద నాకు ఎంతో గౌరవం.

ఇక నీ సంగతి. వెల్లకిలా పడుకోవడం, నిద్ర చాలకపోవడం, వేళలు తరచూ మారడం దీన్ని పెంచుతాయి. పక్కకు తిరిగి పడుకో, వీలైతే షిఫ్టు తరచూ మారకుండా చూడమని మేస్త్రీని అడుగు. మళ్లీ వస్తే పెనుగులాడకుండా, ఒక్క వేలు కదపడం మీదే మనసు పెట్టు. అది సాధారణంగా కొద్దిసేపట్లోనే దానంతటదే విడిపోతుంది. అయితే పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చినా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలి కూలబడుతున్నట్టున్నా మాత్రం ఆలస్యం చేయకుండా ఒంగోలులో నరాల డాక్టరుకు చూపించుకో. అమ్మగారు ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకెళ్తానంటే కాదనకు, వెళ్లి రా. ఈ ఉత్తరం కూడా ఆమెకు చదివి వినిపించు. నువ్వు ఏ వైపుకు తిరిగి పడుకున్నావో, ఎన్ని గంటలు నిద్రపోయావో రాసిపెట్టి వచ్చే ఉత్తరంలో నాకు పంపు.

ఇట్లు
నీ శ్రీను