మీవాడి మోకాళ్ళ గురించి

ఒరేయ్ శీనూ,

పదమూడేళ్ళకి మీవాడు తాటిచెట్టులా పెరిగి, పోయినేడు కంటే మెల్లగా పరిగెడుతున్నాడని రాశావు. బద్ధకమని మాత్రం తిట్టకు. ఆ వయసులో ముందు పాదాలు పెరుగుతాయి, తర్వాత కాళ్ళు, ఆఖర్న మొండెం. చెప్పులు ఊరికే ఇరుకవడం అందుకే. కొత్త పొడవు అలవాటయ్యేదాకా అడుగు తడబడుతుంది. బడిలో ఖేలో ఇండియా పరీక్షలో కాళ్ళు చాపి వంగితే నిరుడు అందినంత ఈసారి అందకపోవడమూ మామూలే.

మగపిల్లలకి ఈ ఎదుగుదల 14 ఏళ్ళ ప్రాంతంలో జోరందుకుంటుంది, ఏడాదికి 9, 10 సెం.మీ. దాకా. ఆడపిల్లలకి రెండేళ్ళు ముందే. బలం మాత్రం పొడవుతోపాటు రాదు, మగపిల్లల్లో ఆరునెలలో ఏడాదో వెనక వస్తుంది. అందుకే ఎనిమిదో తరగతిలో మీసం మొలిచినవాణ్ణే ఏరి జట్టులో వేసుకునే కోచ్‌లంటే నాకు ఒళ్ళుమంట.

నువ్వు చేయాల్సింది కొలవడం. వట్టికాళ్ళతో మడమలు గోడకి ఆనించి నిలబెట్టు, చూపు తిన్నగా ఉండాలి. గట్టి అట్ట పుస్తకాన్ని గోడకీ తలకీ ఆనించి, దాని అడుగున పెన్సిల్‌తో గీత గియ్యి. ఎప్పుడూ పొద్దున్నే కొలువు. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య దిళ్ళు నలిగి సెంటీమీటరు దాకా తగ్గుతుంది. మూడు నెలలకి 2 సెం.మీ. దాటి పెరిగితే జోరులో ఉన్నట్టే. అప్పుడు గెంతులు, పరుగులు సగానికి తగ్గించు.

మోకాలిచిప్ప కింద, ముందెముక మీద వేలితో నొక్కితే అక్కడే చురుక్కుమంటోందా? తొడ కండర తాడు అంటుకునేది అక్కడే, ఇంకా గట్టిపడని మృదులాస్థి మీద. ఎముక పెరిగేకొద్దీ తాడు బిగుసుకుంటుంది, గెంతిన ప్రతిసారీ లాగుతుంది. ఆట తగ్గించి, ఆడాక గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టు. రాత్రి నొప్పితో లేస్తున్నా, కుంటుతున్నా, కీలు వాచినా ఎముకల డాక్టరుకి చూపించు.

బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతారన్నది వట్టిమాట. కాకపోతే బస్కీలు, బల్లమీద చేతులు పెట్టి దండీలు, అంతే. పదేసి చొప్పున రెండు సార్లు, వారానికి రెండ్రోజులు, మధ్యలో విరామం. నడుము వంకర పోయిందంటే ఆపెయ్యమను, అంకె ముఖ్యం కాదు. మోకాలు నొప్పెడితే బస్కీలు వద్దు.

మీ చిన్నదానికి ఎనిమిదేళ్ళేగా. ఆ వయసులో వ్యాయామం చేస్తే కండ ఉబ్బదు, నరాలు కండని బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి, బలం అలా వస్తుంది. తొక్కుడుబిళ్ళ, తాడాట, ఏడుపెంకులాట, ఈత, ఏదైనా ఆడనీ, రోజుకో గంట. ఒంటికాలి నిలకడ, గురి, దిశ మార్చడం ఇప్పుడు ఒంటబడితే పోవు. బ్యాడ్మింటన్ అకాడమీలో ఏడాది పొడుగునా ఒక్క ఆటకే కట్టేస్తానన్నావు, అది నాకు నచ్చలేదు. వారానికి శిక్షణ గంటలు పిల్ల వయసుని దాటకూడదు: ఎనిమిదేళ్ళకి ఎనిమిది గంటలు, అదీ గరిష్ఠం.

ఆదివారం పొద్దున్నే ఇద్దరినీ గోడకి నిలబెట్టి తారీకుతో సహా రాసి పంపు.

నీ
రాము