గర్భిణి కార్డులో ఒక్క వరుస రాయండి

సంపాదకుడికి,

పెళ్లయిన తొమ్మిదేళ్లకు మా చెల్లెలు ఐవీఎఫ్‌తో, అంటే శరీరం బయట పిండాన్ని తయారుచేసే పద్ధతితో గర్భం దాల్చింది. పిండాన్ని గడ్డకట్టించి నిల్వ చేసి, రెండు నెలలయ్యాక గర్భాశయంలో పెట్టారు. మూడో నెల దాటాక సంతాన సాఫల్య కేంద్రం వాళ్లు ఇక మీ ఊళ్లో చూపించుకోమన్నారు. చేతికిచ్చిన కాగితం మీద 'ఐవీఎఫ్ గర్భం' అని మాత్రమే ఉంది. ఎనిమిదో నెలలో కాళ్లు వాచి, బీపీ 160 దాటింది. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాం. "పిండం పెట్టేముందు హార్మోను మాత్రలు వాడారా, సహజ నెలసరిలోనే పెట్టారా?" అని డాక్టరమ్మ అడిగితే ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. తల్లీబిడ్డలు బతికి బయటపడ్డారు. ఆ రాత్రి మాత్రం నేను మరచిపోలేను.

నిల్వ పిండాల పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. 1978లో కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో పుట్టిన మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ దుర్గ కూడా నిల్వ పిండం నుంచి పుట్టిన బిడ్డే. అండం సక్రమంగా విడుదల కాని పీసీఓఎస్ సమస్య ఉన్న 1,508 మంది మహిళలపై చైనాలో జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో నిల్వ పిండాలతో సజీవ ప్రసవాలు 49.3 శాతం, నిల్వ చేయకుండా పెట్టిన తాజా పిండాలతో 42 శాతం. అండాశయాలు ప్రమాదకరంగా ఉబ్బే సమస్య 7.1 నుంచి 1.3 శాతానికి తగ్గింది. అదే అధ్యయనంలో గర్భిణికి బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా మాత్రం 1.4 నుంచి 4.4 శాతానికి పెరిగింది. అండం సక్రమంగా విడుదలయ్యే మహిళలపై జరిగి 2018లో వెలువడిన మరో చైనా అధ్యయనంలో సజీవ ప్రసవాల్లో చెప్పుకోదగ్గ తేడాయే కనిపించలేదు. అందరికీ నిల్వ పద్ధతే మేలని చెప్పడం ఎంతవరకు సబబు?

బిడ్డల విషయంలోనూ తేడా ఉంది. తాజా పిండంతో తక్కువ బరువు బిడ్డలు, నిల్వ పిండంతో నెలలకు మించిన బరువున్న బిడ్డలు కాస్త ఎక్కువగా పుడతారు. నిల్వ పిండం పెట్టేందుకు హార్మోను మాత్రలతో గర్భాశయాన్ని సిద్ధం చేసినప్పుడు ఆ నెల అండం విడుదల కాదు. అండం విడుదలైన చోట ఏర్పడి, తొలి వారాల్లో గర్భానికి అండగా ఉండే గ్రంథి కూడా అప్పుడు ఉండదు. బీపీ ముప్పుకు ఇదొక కారణమని నిపుణులు భావిస్తున్నారు. కాన్పు చేసే డాక్టరుకు ఈ సంగతి తొలి నెలల్లోనే తెలిస్తే బీపీ మీద కన్నేసి ఉంచుతారు, అవసరమైతే ముందుజాగ్రత్తగా మందులిస్తారు. మా చెల్లెలికి ఆ అవకాశం దక్కలేదు.

చికిత్సలోని లాభనష్టాలను, ముప్పులను దంపతులకు చెప్పాలని 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం చెబుతోంది. మా చెల్లెలు సంతకం చేసిన పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆమె చదివింది తెలుగు మీడియంలో పదో తరగతి. తెలుగు రాష్ట్రాల్లో ఈ చట్టాన్ని అమలు చేసే అధికారులు ఆ పత్రాలు తెలుగులో ఉండేలా చూడాలి. అంతకన్నా ముందు, ప్రతి సంతాన సాఫల్య కేంద్రం గర్భిణిని పంపించేటప్పుడు మాతా శిశు సంరక్షణ కార్డులో ఒక్క వరుస రాసేలా ఆదేశించాలి: పిండం తాజాదా నిల్వదా, మాత్రలతో పెట్టారా సహజ నెలసరిలోనా, ఎన్ని పిండాలు, ఏ తేదీన.

— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా