వన్‌వే సరే, స్పీడు సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు కాలనీల్లో వన్‌వే పెడతారని, వేగం గంటకు 30 కిలోమీటర్లకు తగ్గిస్తారని పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివి సంతోషించాను. అప్పుడే రాద్దామనుకుని, ఎట్లాగూ రెండు రోజుల్లో మర్చిపోతారులే అని ఊరుకున్నా. తీరా శనివారం మా వీధి మొదట్లో వన్‌వే బోర్డు పాతనే పాతారు. వేగం బోర్డు మాత్రం లేదు. పాతినవాళ్లను అడిగితే 'అది తర్వాత విడత సార్' అన్నారు.

ఎదురుగా బండి రాదని తెలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? ఇంకాస్త యాక్సిలరేటర్ తిప్పుతారు. ఇన్నాళ్లూ మా వీధిలో కాస్తో కూస్తో నిదానంగా పోయారంటే అది ఎదురొచ్చే ఆటోల పుణ్యం, సగం రోడ్డు ఆక్రమించి నిలబడే నీళ్ల ట్యాంకరు పుణ్యం. ఆ అడ్డమూ తీసేసి స్పీడుకు కళ్లెం వేయకపోతే, సిగ్నల్ తప్పించుకునేవాళ్లకు మా వీధిని రాసిచ్చినట్టే.

ఆదివారం పొద్దున పాల ప్యాకెట్లు తీసుకుని అంగడి నుంచి వస్తున్నా. వన్‌వే కదా అని ఒక పక్కే చూసి రోడ్డు దాటా. రెండో పక్క నుంచి ముగ్గురు కుర్రాళ్లు, ఒకే బండి. 'చూసుకోని నడువు పెద్దాయనా' అని కేకేసి పోయారు. రెండు ప్యాకెట్లూ పగిలాయి, కాలు పగల్లేదు. ఇంట్లో మాత్రం పాలకే బాధపడ్డారు.

మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన వాళ్లు గానీ ఫలానా రోడ్డులో వేగం తగ్గించవచ్చు. 116 ప్రకారం అందుకు బోర్డులు పెట్టించాలి. అది జరగనంతవరకు 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషనే దిక్కు. దాని లెక్కన మున్సిపల్ పరిధిలో మోటార్ సైకిల్ 60లో, కారు 70లో పోవచ్చు! అరవైలో పోయే బండి సెకనుకు 16 మీటర్ల పైనే పోతుంది. అంటే బంతి కోసం పిల్లోడు గేటు తీసుకుని ఉరికొచ్చాడని తెలిసేలోపే మా వరసలో రెండిళ్లు దాటేస్తుంది. ముప్పైలో అయితే ఆ దూరం సగం, బ్రేకు నొక్కాక ఆగే దూరం నాలుగో వంతు. ఇది పదో తరగతి లెక్క, దీనికి సర్వేలు అక్కర్లేదు.

స్పీడ్ బ్రేకర్ ఉంది కదా అంటారు. రోడ్లకు కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పేది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మాది ఇల్లు కట్టుకున్న ఒకాయన మిగిలిన కాంక్రీటుతో పోయించింది. మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు దాని ముందు ఆటో దిగి, నడిచి దాటి, మళ్లీ ఎక్కుతున్నారు. కుర్రాళ్లు మాత్రం డ్రైనేజీ అంచున సందు చూసుకుని అదే స్పీడులో దూరిపోతారు. దాని పక్కనే వినాయక చవితి పందిరి గుంతలు, పూడ్చే దిక్కు లేదు. స్వామి కేసీ కాలువలో నిమజ్జనమై ఎన్నాళ్లయిందో!

చుట్టు తిరగాల్సి వస్తోందని, ఆటోకు పది రూపాయలు ఎక్కువవుతోందని గొణిగేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. బేరాలు పోతాయని అంగళ్లవాళ్ల గోల సరేసరి. కొన్నాళ్లు పోతే అందరికీ అలవాటవుతుంది.

1953లో ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు గుడారాల్లో ఆఫీసులు నడిపారు. ఇప్పుడు ఏసీ గదుల్లో కూర్చుని రెండు బోర్డులు ఒకేసారి పాతించలేకపోతున్నారు. స్కూళ్లున్న వీధుల్లో అయినా ముందు 30 బోర్డు పెట్టి, ఆ తర్వాత వన్‌వే జోలికి వెళ్లండి. పిల్లలు ఆటోల్లో బ్యాగులు బయటికి వేలాడదీసుకుని పోయే ఆ ఒక్క గంటన్నా ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టండి.

అన్నట్టు, వన్‌వే బోర్డు కూడా నిన్నటి నుంచి కనిపించడం లేదు. దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. బాణం గుర్తు వెనక్కి పోయింది. ఫ్లెక్సీలో నాయకుడి చూపుడువేలు సరిగ్గా ఎదురు దిక్కు చూపిస్తోంది.

— ఒక పెన్షనర్, కర్నూలు