మొదటి చోట మాత్రమే మార్చడం: సహాయం చేసిన మిత్రులకు కృతజ్ఞతలు

వోల్‌ఫ్రామ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్న ఒక పొడవైన సమాసంలో (ఎక్స్‌ప్రెషన్‌లో), ఒకే నమూనా (ప్యాటర్న్) పలుచోట్ల వస్తున్నప్పుడు మొదటి చోట మాత్రమే దాన్ని మార్చి మిగిలినవాటిని యథాతథంగా ఉంచడం ఎలాగో తెలియక నేను మూడు రోజులు అవస్థ పడ్డాను. నా ప్రశ్న చదివి, ఓపికగా సమాధానం రాసిన ఇద్దరు మిత్రులకు హృదయపూర్వక కృతజ్ఞతలు.

అక్షరాల వరుసలో మార్పులు చేసే స్ట్రింగ్‌రీప్లేస్ అనే ఫంక్షన్‌కు ఎన్నిసార్లు మార్చాలో మూడవ ఆర్గ్యుమెంటుగా (ఫంక్షన్‌కు ఇచ్చే విలువగా) చెప్పవచ్చు గాని, సమాసంలో నమూనా ఉన్న చోటల్లా మార్చే రీప్లేస్‌ఆల్‌కు ఆ సదుపాయం లేదు. నమూనా ఎక్కడెక్కడ ఉందో చెప్పే పొజిషన్‌కు నాలుగవ ఆర్గ్యుమెంటుగా 1 ఇచ్చి, దొరికిన ఆ ఒక్క స్థానంలోనే, చెప్పిన చోటి భాగాన్ని మార్చే రీప్లేస్‌పార్ట్‌తో కొత్త విలువ పెట్టాలని మొదటి మిత్రులు చూపించారు. 2014లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి మొదటి స్థానాన్ని మాత్రమే ఇచ్చే ఫస్ట్‌పొజిషన్ కూడా ఉంది; అయితే నమూనా దొరకనప్పుడు అది స్థానానికి బదులు మిస్సింగ్ అనే విలువనిస్తుంది కనుక, ముందే సరిచూసుకోవాలి.

ఆ మొదటి మిత్రులు సమాధానంతో పాటు అడిగిన ప్రశ్న నాకు అంతకంటే ఎక్కువ మేలు చేసింది. "మొదటిది అంటే మీ ఉద్దేశం ఏమిటి?" అన్నారు. నేను ఎక్స్ వర్గం ప్లస్ ఎక్స్ అని రాసి, వర్గంలోని ఎక్స్ మారుతుందని ఎదురుచూశాను. కూడికలోని పదాలను వ్యవస్థ తన క్రమంలో అమర్చుకుంటుంది. సమాసం లోపలి అసలు రూపాన్ని చూపే ఫుల్‌ఫామ్‌లో చూస్తే ఒంటరి ఎక్స్ ముందు, వర్గం తరువాత ఉన్నాయి. మారినది ఆ ఒంటరి ఎక్స్! మనం టైపు చేసిన వరుసను నమ్మకుండా ఫుల్‌ఫామ్ చూడాలని నాకెవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఒకదానిలో ఒకటి ఇమిడిన సమాసాల్లో ఇంకో తేడా ఉంది. ఎఫ్ అనే ఫంక్షన్ లోపల జి అనే ఫంక్షన్, దాని లోపల మళ్లీ ఎఫ్ ఉంటే, పొజిషన్ లోపలి ఎఫ్‌ను ముందుగా లెక్కిస్తుంది, ఎందుకంటే అది భాగాలను చూసిన తరువాతే మొత్తాన్ని చూస్తుంది. రీప్లేస్‌ఆల్ మాత్రం బయటి ఎఫ్‌తో మొదలుపెడుతుంది. నాకు కావలసింది బయటిది. అందుకే రెండవ మిత్రులు సూచించిన పద్ధతిని, అంటే దేన్ని దేనిగా మార్చాలో చెప్పే రూలుకు షరతుగా, జరిగిన మార్పులను లెక్కపెట్టే ఒక కౌంటరును జోడించి, అది సున్నాగా ఉన్నప్పుడే మార్పు జరిగేలా చేయడాన్ని ఎంచుకున్నాను. ప్రతిసారీ కౌంటరును తిరిగి సున్నా చేయాలని, లేకపోతే రెండవసారి ఏమీ మారదని వారు ముందే హెచ్చరించారు; ఆ ఒక్క వాక్యం నాకు మరో రోజు మిగిల్చింది.

నా సమాసం ఇప్పుడు కోరిన చోటనే మారుతోంది. మీ ఇద్దరికీ మరొకసారి ధన్యవాదాలు.