ఆన్ హచిన్సన్ విచారణను ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

మత స్వేచ్ఛ కోసం ఇంగ్లండ్ నుంచి అమెరికాలోని మసాచుసెట్స్‌కు వలస వెళ్లిన ప్యూరిటన్ల (చర్చిని సంస్కరించాలన్న ప్రొటెస్టంట్ల) గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు, అక్కడి బోధకురాళ్ల సంగతి దాటేస్తున్నాయి. ఆన్ హచిన్సన్ పేరు వచ్చినా ‘బహిష్కృతురాలు’ అన్న ఒక్క మాటతో సరి. మంత్రసాని అయిన ఆమె 1634లో బోస్టన్ చేరి, ఆదివారం ప్రసంగాన్ని ఇంట్లో ఆడవాళ్లకు విడమరిచి చెప్పేది. మగవాళ్లూ రావడం మొదలయ్యాక పాలకులకు కంటగింపైంది. 1637 నవంబరు విచారణలో, గవర్నర్ విన్‌త్రాప్ నిలదీస్తే ఆమె బైబిల్లోని తీతు పత్రిక రెండో అధ్యాయం చూపింది: వయసు మళ్లిన స్త్రీలు చిన్నవాళ్లకు నేర్పాలని అందులోనే ఉందిగా! మర్నాడు, దేవుడు తనకు నేరుగా తెలియజేశాడని తానే అనడంతో కోర్టుకు పట్టు దొరికింది. అసలు కీలకం అదే, మన వ్యాసాల్లో అదే కనబడదు. 1656లో వచ్చిన క్వేకర్ (ప్యూరిటన్లు సహించని మరో క్రైస్తవ శాఖ) బోధకురాళ్లు మేరీ ఫిషర్, ఆన్ ఆస్టిన్‌ల పుస్తకాలు కాల్చి, ఎవరితోనూ మాట్లాడకుండా జైలు కిటికీకి పలకలు కొట్టారు. మరో క్వేకర్ మేరీ డయ్యర్‌ను 1660 జూన్ 1న ఉరితీశారు. ఇకపై ఇలాంటి వ్యాసం వేసినప్పుడు పక్కన చిన్న పెట్టె కట్టి, హచిన్సన్ విచారణలోని నాలుగైదు ప్రశ్నలూ జవాబులూ తెలుగులో ఇవ్వండి. ఆ విచారణ రాతప్రతి 1767లోనే అచ్చయింది, హక్కుల పేచీ లేదు.