స్టీలు డబ్బా పెద్దమ్మ ఎవరో తెలిస్తే చెప్పండి

అందరికీ నమస్తే. ఇప్పుడే ఇంటికొచ్చి పడ్డాను. శ్రీకాకుళంలో బస్సెక్కి నరసన్నపేట, సారవకోట మీదుగా పాతపట్నం, అక్కణ్ణుంచి ఆటోలో బోర్డరు దాటి ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి. కింది పెదవి ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది, కళ్ళు మూసుకుపోతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. రేపు మళ్ళీ కుట్టు మిషన్ మీద కూర్చున్నానంటే ఇక రాయను, అందుకే ఇవాళే.

నాది కుడివైపు కింది దవడ పన్ను. ఆర్నెల్లుగా పుచ్చు. లవంగనూనె దూది పెట్టాను, మెడికల్ షాపు మాత్రలు మింగాను, మా అత్తమ్మ గుడాకు, అదే పళ్ళకి రాసే పొగాకు పేస్టు, రాయమంది (ఆవిడకి అన్నిటికీ గుడాకే మందు, ఆవిడకి పళ్ళెన్ని మిగిలాయో మాత్రం అడక్కండి). ఆఖర్న ఎలా అయిందంటే టీ నోట్లో పోస్తే ప్రాణం పోయేది, చన్నీళ్ళు పుక్కిట పడితే ఓ నిమిషం తగ్గేది, పడుకుంటే దవడలో దబదబమని కొట్టుకునేది. మూడు రాత్రులు గోడకానుకుని కూర్చునే తెల్లారించాను.

ఇటుపక్క ఒక సర్కారు ఆసుపత్రికెళ్తే కుర్చీ ఉంది, సామాన్లు లేవు, కావాలంటే పీకేస్తాం అన్నారు. అటు ఆంధ్రా పక్క ఒక చోటికెళ్తే చీటీ రాసే దగ్గరే ఆధార్ చూసి ఒడిశాదా అని మొహం అదోలా పెట్టి రేపు రమ్మన్నారు, రేపెళ్తే ఇంకో రేపు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం చేసినప్పుడు మా ఊరు ఇటు పడింది, పాతపట్నం అటు పడింది, మధ్యలో నాలుగడుగులు. ఆ గీత గీసిన పెద్దమనుషుల్లో ఒక్కరికైనా ఆ వేళ పన్ను నొప్పి ఉంటే బాగుండేది. సరే, కడుపు మండి రాసేశాను, వదిలేయండి. చివరికి శ్రీకాకుళంలో ప్రైవేటే. రూట్ కెనాల్ 3500, పన్ను మీద వేసే కేప్ వేరే. 3500 అంటే నాకు పద్నాలుగు లైనింగ్ జాకెట్లు.

పోయిన మంగళవారం మొదటి సిట్టింగు. పెద్దోణ్ణి అత్తమ్మ దగ్గర వదిలాను, నాలుగేళ్ళ చిన్నది మాత్రం కొంగు వదల్లేదు, తీసుకెళ్ళక తప్పలేదు. క్లినిక్‌లో పిల్లని లోపలికి తీసుకురాకూడదన్నారు. నేనేం చెయ్యాలో తెలీక నిలబడిపోతే బెంచీ మీదున్న ఒక పెద్దమ్మ, అరవై ఐదు దాటే ఉంటాయి, "ఏటమ్మా అలా నిల్చుండిపోనావు, గుంటనిటియ్యి, నువ్వెల్లు. నాకేటి పని, పళ్ళ సెట్టుకి కొలతలిచ్చీసి కూకుంటాను" అంది. పేరు కూడా అడగలేదు నేను. భయం అలాంటిది.

రూట్ కెనాల్ అంటే చాలామంది భయపెట్టారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. ముందు ఎక్స్‌రే. పుచ్చు నరం దాకా పోయింది, మాత్రలతో ఇది తగ్గదు, లోపలున్న చెడు తియ్యాల్సిందే అన్నారు డాక్టరమ్మ. దవడ చివర ఇంజెక్షన్, అది మాత్రం తెలుస్తుంది. పది నిమిషాలకి సగం పెదవి, సగం నాలుక నావి కావు. అయినా డ్రిల్లు నరానికి తగలగానే కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. బాగా రేగిన పంటికి మత్తు సరిగ్గా ఎక్కదట, ఆపి ఇంకోటి ఇచ్చారు, తర్వాత గీకుతున్నట్టు తెలుస్తుంది తప్ప నొప్పి లేదు. పంటి చుట్టూ రబ్బరు షీటు కట్టి, నా హెమ్మింగు సూది కన్నా సన్నగా ఉండే ఫైళ్ళతో పంటి వేర్లలో ఉండే మూడు కాలవలు శుభ్రం చేశారు, పీక్ పీక్ మనే మిషనుతో వేరు ఎంత లోతుందో కొలిచారు, బ్లీచింగ్ వాసనేసే నీళ్ళతో కడుగుతూనే ఉన్నారు, చివర్న లోపల మందు పెట్టి టెంపరరీ సిమెంటుతో మూసేశారు. నిజం చెప్పాలంటే అంతసేపు నోరు తెరిచి ఉంచడమే కష్టం.

బయటికొచ్చేసరికి ఒంటిగంటన్నర. చిన్నది పెద్దమ్మ ఒళ్ళో నిద్రపోతోంది. ఆవిడ పని పదకొండుకే అయిపోయిందని కాంపౌండరు చెప్పాడు, నా పిల్ల కోసం రెండు బస్సులు వదిలేసుకుందట. నాకు నోట్లోంచి చొంగ కారుతోంది, మొద్దుబారిపోయి తెలీట్లేదు. ఆవిడ కొంగు చివర తీసి నా మూతి తుడిచింది. ఏం మాట్లాడకుండా, పసిపిల్లకి తుడిచినట్టు. మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చేశాను. పాపం ఆవిడ నొప్పనుకుంది, నొప్పి కాదు పెద్దమ్మా అందామంటే నోరు తిరగదు, నేనేదో అంటే ఆవిడకి "నొఫ్ఫి" ఒక్కటే వినిపించింది, ఇంకా కంగారు పడిపోయింది.

సంచిలోంచి స్టీలు డబ్బా తీసిచ్చింది, మజ్జిగ కలిపిన చోడంబలి, అదే రాగంబలి. "మత్తు దిగినాక తాగు, ఇప్పుడేదైనా నమిలితే బుగ్గ కొరికీసుకుంతావు" అంది. ఈలోపు టెక్కలి బస్సు వచ్చేస్తోందని లేచెళ్ళిపోయింది. డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. మూత మీద రెండక్షరాలు చెక్కి ఉన్నాయి, ఎవరి పెళ్ళిలో ఎవరు చదివించిందో.

ఇవాళ రెండో సిట్టింగు. కాలవల్లో గులాబీ రంగు పుల్లలు కూరి మూసేశారు, గట్టా పెర్చా అంటారట, ఏదో చెట్టు పాలతో చేస్తారట. రెండు మూడు రోజులు కొరికితే సలుపుతుంది, కంగారు పడొద్దన్నారు. కేప్ లేకపోతే పన్ను విరిగిపోవచ్చట, అది ఎగ్గొట్టకూడదు. డబ్బా కడిగి పట్టుకెళ్ళాను, ఖాళీగా ఇవ్వకూడదు కదా, అరిసెలంటే ఆవిడకి పళ్ళు లేవు, అందుకని సున్నుండలు పెట్టాను. ఆవిడ రాలేదు. ఆవిడ ఫోన్ నంబరు అడిగితే క్లినిక్ వాళ్ళు ఇవ్వకూడదన్నారు, అది న్యాయమే. డబ్బా ఇక్కడ పెట్టి వెళ్ళమన్నారు, నేనివ్వలేదు, ఆవిడ చేతికే ఇస్తాను.

మా ఆయన సూరత్ నుంచి డబ్బు వేశారు, అత్తమ్మ ఇల్లు చూసుకుంది, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో డాక్టరమ్మ గారికి చెప్పనేలేదు, చెయ్యెత్తితే ఆపుతానన్నారు, ఎత్తిన ప్రతిసారీ ఆపారు, చాలా థాంక్స్ మేడం. పెళ్ళి జాకెట్టు నాలుగు రోజులు లేటయినా ఒక్క మాట అనని వీధి చివరి వదినకి, పాతపట్నంలో చీకటి పడ్డా నాకోసం ఆగిన ఆటో అన్నకి కూడా.

టెక్కలి వైపు వాళ్ళెవరైనా చూస్తుంటే మీ ఇంట్లో, మీ వీధిలో కొత్త పళ్ళ సెట్టు కోసం శ్రీకాకుళం తిరుగుతున్న పెద్దమ్మ ఉందేమో అడగండి. కేప్ కొలతలకి వచ్చే మంగళవారం వెళ్తాను, పొద్దున తొమ్మిదికల్లా అదే బెంచీ మీద ఉంటాను. సున్నుండలు మళ్ళీ కొత్తవి చేస్తాను, ఇవి మా చిన్నది అప్పుడే రెండు తినేసింది.

ఇంకోటి మర్చిపోయాను, నరసన్నపేట దాకా సీటిచ్చిన కాలేజీ అబ్బాయికి కూడా థాంక్స్.